కొంగల క్లబ్బు చరిత్ర నాకు తెలుసన్నాను

కొందరు నోటి వల్ల చెడతారు, కొందరు చేతి వల్ల చెడతారు. నేను చొక్కా వల్ల చెడ్డాను. అదీ సొంతంగా కుట్టించుకున్నది కాదు, ఎవడో తొడిగి విడిచిన చొక్కా. దాని పుణ్యమా అని ఎన్నడూ చూడని దేశానికి చెందిన, పేరు కూడా సరిగ్గా పలకలేని, మూతపడి ఏళ్ళయిన ఒక క్లబ్బు చరిత్రలోకి వెళ్ళి పడ్డాను. పడటమంటే మామూలుగా కాదు, బావిలో బర్రె పడ్డట్టు. మీరు నవ్వితే నవ్వండి. ఆ వారం పది రోజులు నాకు మాత్రం తిన్న అన్నం ఎటు పోయిందో తెలియదు.

నా పేరు గంగారాం. మాది కోరుట్ల దగ్గర ఒక పల్లె. ఊళ్ళో నన్ను దుబాయి గంగారాం అంటారు గానీ నేను దుబాయి మొహం ఎన్నడూ చూడలేదు. ఉండేది బహ్రెయిన్‌లో. మావాళ్ళకు సముద్రం దాటితే అంతా దుబాయే. పని సీఫ్ అనే పేటలో, పెద్ద మాల్ వెనక ఉన్న ఆటల హాల్లో. బాస్కెట్‌బాల్ ఆడే చెక్క నేలకు మాపు కొట్టడం, బంతులకు గాలి పట్టడం నా డ్యూటీ. ఆట గురించి నాకు తెలిసింది ఒక్కటే: ఎవడు ఎక్కువ ఉరికితే వాడు ఎక్కువ చెమట కారుస్తాడు, నాకు అంత పని పెరుగుతుంది.

కొత్తగా చేరినప్పుడు మా ఆవిడ సుజాతకు ఫోన్‌లో ఆ ఆటను వివరించబోయాను.

"బాస్కెట్ అంటే గంపనే గదా?" అంది.

"గంపనే."

"ఏసినంక బంతి గంపల్నే ఉంటదా?"

"ఉండది. గంపకు అడుగు ఉండది. కిందికి జారి పడ్తది."

ఆ గంపను మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టుంది. తర్వాత నెమ్మదిగా, "అడుగు లేని గంప కోసం గంతమంది పెద్దమనుషులు కొట్లాడుతున్నరా? నువ్వు జర పైలం," అంది.

పైలంగానే ఉన్నాను, డిర్క్ సార్ వచ్చేదాకా. ఆయన మా హాలుకు కొత్త మేనేజరు, హాలండ్ దేశస్థుడు. ఎత్తు ఎంతంటే, ఆయన మొహం చూడాలంటే మనం మెడ వెనక్కి వంచాలి, వంచితే టోపీ జారి కింద పడుతుంది. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. స్టోర్ రూంలో కునుకు తీసిన ఒకాయన్ని వెంటనే విమానం ఎక్కించాడని క్యాంపుల్లో చెప్పుకునేవాళ్ళు. నా వీసా రెన్యువల్ ఆ నెలలోనే ఆయన సంతకానికి పోవాలి. ఊళ్ళో మా ఇంటి స్లాబు సగంలో ఆగి ఉంది. సంతకం పడకపోతే ఆ ఇనుప చువ్వలకు బట్టలు ఆరేసుకోవడం తప్ప ఇంకో పని ఉండదు.

అలాంటి నెలలో ఒకరోజు నా యూనిఫాం ఆరలేదు. బహ్రెయిన్ ఎండాకాలంలో ఎండకు కొదవ లేదు గానీ, గాలిలో తడి ఎంతంటే ఆరేసిన బట్ట ఆరకపోగా ఇంకాస్త తడుస్తుంది. శుక్రవారం సంతలో పాత బట్టల గుట్టలోంచి ఏరుకున్న చొక్కా ఒకటి ఉంటే తొడుక్కుని డ్యూటీకి పోయాను. నారింజ రంగు. రొమ్ము మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మ. దాని కింద ఇంగ్లీషు అక్షరాలే గానీ అర్థం కాని మాటలు. వెనక నంబరు. మోకాళ్ళ దాకా వచ్చింది. నాకేం, గాలి బాగా ఆడుతోంది కదా అనుకున్నాను.

నేల తుడుస్తుంటే ఎదురుగా రెండు పెద్ద బూట్లు వచ్చి ఆగాయి. మెడ వంచాను. టోపీ పడింది. డిర్క్ సార్ నా చొక్కానే చూస్తున్నాడు. మొహంలో రక్తం లేదు.

"ఈ చొక్కా నీకెక్కడిది?" అన్నాడు.

గల్ఫులో పనిచేసిన ఎవరినైనా అడగండి. పెద్దసారు 'ఇది నీకెక్కడిది' అన్నాడంటే అది ప్రశ్న కాదు, సగం తీర్పు. దొంగతనం కేసు, పోలీసులు, విమానం, సుజాత, స్లాబు చువ్వలు, అన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. సంతలో కొన్నానంటే సరిపోయేది. కానీ భయపడ్డవాడి నోట్లోకి నిజం తొందరగా రాదు.

"నాదే సార్," అన్నాను.

"నీదా?"

"నా టీం సార్."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నవాడు నాకంటే ఎంతో నయం. వాడికి కనీసం ఇంటి దగ్గర దూడ ఉండి ఉంటుంది.

"ఈ క్లబ్బు నీకు తెలుసా?"

"చిన్నప్పటి సంది తెలుసు సార్."

"ఇండియాలో ఉండి?"

"మా ఊళ్ళ అందరికీ తెలుసు సార్."

చూశారా, ఒక్కణ్ణి మునిగితే చాలదని ఊరు మొత్తాన్ని పట్టుకుని దూకాను.

డిర్క్ సార్ పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు. కూర్చున్నా నా అంత ఎత్తున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అది నా క్లబ్బు గంగా. నేను ఆడిన క్లబ్బు. మూతపడి చాలా ఏళ్ళయింది. మా దేశంలోనే దాని పేరెత్తేవాళ్ళు లేరు. ఇక్కడ, ఈ ఎడారిలో..." అంటూ తన చెయ్యి నా భుజం మీద వేశాడు. భుజం మీద బియ్యం బస్తా దింపినట్టయింది. అప్పటిదాకా ఆయన కోపానికి భయపడ్డాను. ఇప్పుడు ప్రేమకు భయం మొదలైంది. కోపం అయితే ఒక్క దెబ్బతో పోతుంది. ప్రేమ అలా పోదు.

పోలేదు కూడా. మరుసటి రోజే పిలిచి చెప్పాడు. ఆయనతో ఆడిన పాత స్నేహితులు నలుగురు వచ్చే వారం హాలండ్ నుంచి వస్తున్నారు. గురువారం సాయంత్రం హాలు మేడ మీద భోజనం. శుక్రవారం మా హాల్లో ఆడే కుర్రాళ్ళతో సరదా మ్యాచ్. "క్లబ్బును లోకం మరిచిపోయిందని వాళ్ళకు దిగులు. భోజనాల ముందు నువ్వు లేచి క్లబ్బు చరిత్ర చెప్పాలి. నువ్వు చెబితే వాళ్ళు నమ్ముతారు."

"సార్, నాకు ఇంగ్లీషు..."

"వచ్చినంత చాలు. మనసు నుంచి చెప్పు."

మనసులో ఉన్నది చెబితే విమానమే. జింజ్ పేటలోని మా గదికి పోయి ఖాజా భాయ్ ముందు కూలబడ్డాను. ఖాజా భాయ్‌ది నిజామాబాద్. వ్యాన్ నడుపుతాడు, నాతో ఒకే గదిలో ఉంటాడు. మంచి మనిషి. ఒకటే లోపం, 'నాకు తెలియదు' అనే మాట ఆయన జీవితంలో అన్నది లేదు.

"గింత దానికి ఫికర్ ఎందుకు భాయ్," అన్నాడు, చొక్కా మీది అక్షరాలను ఫోన్‌లో కొడుతూ. "ఇగో, దొరికె. డచ్ భాషల ఉంది. ఫోనే తెలుగుల చేసి చదువుతది, విను."

ఫోన్ లోంచి ఒక ఆడగొంతు, శ్రాద్ధం పెట్టే అయ్యవారి మాదిరి నిదానంగా చదివింది: "కొంగలు రొట్టెతో విజేత అయినవి. ప్రజలు రోడ్డుపై ఆనందించినారు. తరువాత రొట్టె వెళ్ళిపోయినది. రంగులు వచ్చినవి. కొంగలు మాయమైనవి. హాలు రంగులది అయినది. రంగులు ఓడినవి, ఓడినవి, ఓడినవి. రంగులు కూడా వెళ్ళిపోయినవి. దీపములు ఆర్పబడినవి."

"సమజైందా?" అన్నాడు ఖాజా భాయ్.

"ఏం సమజ్ కాలే."

"అరే, సీదా ముచ్చట. కొంగలోళ్ళు మంచోళ్ళు. రొట్టెల కంపెనీ పైసలు పెట్టింది, గెలిచిన్రు. గప్పుడు రంగు డబ్బాల కంపెనీ ఇంకో టీంను తీసుకొచ్చి వీళ్ళ హాలు కబ్జా పెట్టింది. కొంగలు ఖలాస్."

"కబ్జానా?"

"మన దిక్కు చెర్లు కబ్జా చేస్తలేరా? గట్లనే. చెరువు పోతే కొంగ ఏడికి పోతది చెప్పు."

ఆ మాట నాకు గుండెకు తగిలింది. నిజంగా బాధేసింది కూడా. ఎవరో ఊరూపేరూ తెలియని కొంగలు, పాపం.

"నువ్వు కొంగలను పొగుడు, రంగులోళ్ళను మంచిగ తిట్టు. నీ సార్ ఏడుస్తడు. నీ వీసా అయిపాయె."

"తిట్టుడు అవసరమా భాయ్?"

"తిట్టకపోతే నువ్వు అభిమానివని ఎవడు నమ్ముతడు?"

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మాది మరీ ఎక్కువ అతికింది, మళ్ళీ ఊడదీయలేనంతగా.

గురువారం సాయంత్రం వచ్చింది. అతిథులను విమానాశ్రయం నుంచి తీసుకొచ్చింది ఖాజా భాయ్ వ్యానే. వాళ్ళు మేడ మెట్లెక్కి వస్తుంటే కరెంటు స్తంభాలు నడిచొస్తున్నట్టుంది. అందరికీ తలలు నెరిశాయి, పొట్టలు వచ్చాయి, అయినా తలుపు కింద వంగే లోపలికి రావాల్సి వచ్చింది. అందరికంటే భారీ మనిషి పేరు యాప్ అట. ఫోన్‌లో ఉండే యాప్ అయితే నచ్చకపోతే తీసేయొచ్చు. ఈయన తీసినా పోయే రకం కాదు. నాతో చెయ్యి కలిపితే నా చెయ్యి మోచేతి దాకా మాయమైంది.

మచ్బూస్ అని, అక్కడి బిర్యానీ లాంటి అన్నం, పళ్ళేల్లో వచ్చింది. ఘుమఘుమలాడుతోంది. నేను మాత్రం భయానికి ఆ రోజు రెండు పూటలూ పస్తున్నాను. డిర్క్ సార్ గ్లాసు మీద చెంచాతో కొట్టి, "ఇతని పేరు గంగా. చిన్నప్పటి నుంచీ మన అభిమాని. వాళ్ళ ఊరంతా మన అభిమానులే," అన్నాడు. నలుగురూ నా వైపు తిరిగారు. టోపీ తీసి చంకలో పెట్టుకుని లేచాను.

నా ఇంగ్లీషు నడుం విరిగిన ఇంగ్లీషు. దానికి హిందీ కట్లు కట్టి నడిపించాను. కొంగల గొప్పతనంతో మొదలుపెట్టాను. కొంగ అంటే ఓపిక అన్నాను, ఒంటికాలి మీద నిలబడి సమయం చూసి కొడుతుందన్నాను. రొట్టె పెట్టిన కంపెనీ చల్లగా ఉండాలన్నాను. గెలిచిననాడు జనం రోడ్ల మీదికి వచ్చారన్నాను. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. యాప్ బల్ల మీద చరిచాడు, పళ్ళేలు ఎగిరి కూర్చున్నాయి. నాకు ధైర్యం వచ్చింది. నాలాంటివాడికి భయం కంటే ధైర్యం ప్రమాదం.

తలుపు దగ్గర నిలబడ్డ ఖాజా భాయ్ మెడ మీద చెయ్యి అడ్డంగా గీసి సైగ చేశాడు. రంగులోళ్ళ సంగతి ఎత్తమని.

"అప్పుడొచ్చారు సార్ రంగులోళ్ళు," అన్నాను గొంతు పెంచి. "దొంగలు సార్. కొంగల చెరువు కబ్జా పెట్టిన్రు. ఆట రాదు, సిగ్గు లేదు. ఆడిన ప్రతి ఆట ఓడిన్రు. బంతి పట్టుకోను రాదు, గంప ఏడుందో తెల్వదు. అటువంటి చేతగానోళ్ళ వల్లనే మన క్లబ్బు చచ్చిపోయింది సార్. వాళ్ళు నా ముందుకొస్తే ఈ మాపుతోనే తరుముతా."

చప్పట్ల కోసం ఆగాను.

ఒకాయన నోటి దాకా ఎత్తిన ముద్ద అక్కడే ఆగింది. డిర్క్ సార్ మెల్లగా లేచాడు.

"గంగా, నేను ఏ టీంలో ఆడాననుకుంటున్నావు?"

"కొంగల టీంలో సార్."

"కొంగలు గెలిచేనాటికి నాకు పాలపళ్ళు కూడా ఊడలేదు. మా నాన్న భుజాల మీద కూర్చుని చూశాను. నేను ఆడింది రంగుల చొక్కాతో. నేనే కెప్టెన్ని." వేలు బల్ల చుట్టూ తిప్పాడు. "వీళ్ళంతా కూడా."

తలుపు వైపు చూశాను. ఖాజా భాయ్ లేడు. తలుపు మాత్రం ఇంకా ఊగుతోంది.

"రెండు టీంలు లేవు గంగా. ఒకటే క్లబ్బు. మా దేశంలో ఏ కంపెనీ పోషిస్తే క్లబ్బుకు ఆ కంపెనీ పేరు. రొట్టెల వాళ్ళు వదిలేస్తే రంగుల వాళ్ళు వచ్చారు. కొంగను తీసేసి కుంచె బొమ్మ పెట్టారు. వాళ్ళూ వదిలేస్తే ఇంకెవరూ రాలేదు. చివరి రోజు ఈ ఐదుగురమే హాలు ఊడ్చి లైట్లు ఆర్పాం. ఇళ్ళలో దాచుకున్న పాత చొక్కాలు కూడా సంచుల్లో కట్టి దానానికి ఇచ్చేశాం, చూస్తే కడుపు మండుతుందని. ఇప్పుడా హాల్లో సోఫాలు అమ్ముతున్నారు." ఒక అడుగు ముందుకేశాడు. "ఇప్పుడు చెప్పు. నీకు మా క్లబ్బు తెలుసా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు ముందు హాలండ్, వెనక కోరుట్ల. "తెల్వదు సార్," అన్నాను. అన్నాక ఇంక ఆపలేకపోయాను. సంతలో కొన్నానని, దొంగతనం అంటారని భయపడ్డానని, మా ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియదని, అసలు ఈ ఆటే నాకు తెలియదని, నా స్లాబు సగంలో ఉందని, అన్నీ కక్కేశాను.

అప్పుడు యాప్ గొంతులోంచి విచిత్రమైన చప్పుడు వచ్చింది. మొహం ఎర్రబడింది, కళ్ళు మూసుకుపోయాయి, రెండు చేతులతో బల్ల పట్టుకుని ఊగిపోయాడు. అయిపోయింది అనుకున్నాను. చచ్చిన క్లబ్బు గురించి మాట్లాడి బతికున్న మనిషిని చంపేశాను. దొంగతనం కేసు కాదు, ఇప్పుడు హత్య కేసు. నీళ్ళ గ్లాసు పట్టుకుని ఉరికాను.

ఆయన నవ్వుతున్నాడు. "నిజం చెప్పాడు డిర్క్," అన్నాడు ఊపిరి దొరికాక. "మనం గెలిచిందే లేదు కదా. గంప ఎక్కడుందో నీకు ఎన్నడైనా తెలిసిందా?" మిగిలినవాళ్ళకూ నవ్వు అంటుకుంది. యాప్ ఇంకా గట్టిగా నవ్వి, ఒక్కసారి అమ్మో అని అరిచి, నడుం పట్టుకుని వంగిపోయాడు. వంగినవాడు మళ్ళీ లేవలేదు. నడుం పట్టేసింది. పెద్ద చింత దూలాన్ని మోసినట్టు అందరం కలిసి సోఫా మీదికి చేర్చాం.

డిర్క్ సార్ మాత్రం నవ్వలేదు. యాప్‌ను చూశాడు, నన్ను చూశాడు. "రేపటి మ్యాచ్‌కు ఐదుగురం ఉన్నాం. ఇప్పుడు నలుగురమే. రేపు నువ్వు ఆడుతున్నావు," అన్నాడు.

"సార్, విమానమే ఎక్కించండి," అన్నాను. అది నేను మనసు నుంచి చెప్పిన మొదటి మాట.

వినలేదు. శుక్రవారం సాయంత్రం నాలుగు కరెంటు స్తంభాల మధ్య ఒక మైలురాయిలా నిలబడ్డాను. ఎదుట కుర్రాళ్ళు, లేడిపిల్లల్లా గెంతుతున్నారు. మెట్ల మీద ఖాజా భాయ్, ఏమీ ఎరగనట్టు, ఫోన్‌లో సుజాతకు వీడియో చూపిస్తున్నాడు. డిర్క్ సార్ నాకు ఒకటే మాట చెప్పాడు: "బంతి ముట్టుకోకు." ఆ మాటను నేను వేదవాక్కుగా పాటించాను. బంతి ఎటు వస్తే దానికి ఎదురు దిక్కుకు పారిపోయాను. కుర్రాళ్ళు అదేదో కొత్త ఎత్తు అనుకుని నా వెంట ఒకణ్ణి కాపలా పెట్టారు. ముసలాళ్ళు మాత్రం ఎలా ఆడారనుకున్నారు. ఆయాసపడుతూ, మోకాళ్ళు పట్టుకుంటూ, ఒకరి పేరు ఒకరు పిలుచుకుంటూ ఆడారు. సోఫాతో సహా కిందికి మోయించుకుని వచ్చిన యాప్ అక్కడి నుంచే అందరినీ తిడుతున్నాడు. చివరికి రెండు వైపులా పాయింట్లు సమానమయ్యాయి.

అప్పుడు ఎవరి చేతినో తగిలి బంతి తిన్నగా వచ్చి నా పొట్టను గుద్దింది. అలవాటు లేక పట్టేసుకున్నాను. హాలంతా అరుస్తోంది. కుర్రాళ్ళూ నా వైపే ఉరికొస్తున్నారు, మావాళ్ళూ చేతులూపుతూ నా వైపే ఉరికొస్తున్నారు. అంతమంది మీదికొస్తుంటే బుద్ధి ఉన్నవాడెవడైనా ఏం చేస్తాడు. కళ్ళు మూసుకుని, ఆట మొదట్లో మావాళ్ళు వేస్తుండగా చూసిన గంప వైపు, బంతిని బలం కొద్దీ పైకి విసిరాను.

పడింది. అడుగు లేని గంపలోంచి జారి కింద పడింది. విజిల్ మోగింది. నా జీవితంలో నేను వేసిన మొదటి బంతి. చేతులెత్తి గెంతాను. కుర్రాళ్ళు కూడా గెంతారు. వాళ్ళెందుకు గెంతుతున్నారో అర్థం కాలేదు.

సగం ఆట అయ్యాక గంపలు మారతాయని నాకెవరూ చెప్పలేదు.

మావాళ్ళు నలుగురూ నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. డిర్క్ సార్ నా దగ్గరికి నడుచుకుంటూ వచ్చాడు. ఆ నడక ఎంతసేపు సాగిందో, ఆ లోపల నేను సామాన్ సర్దుకుని ఊరికి పోయి, స్లాబు చువ్వల కింద కూర్చున్నాను కూడా.

"గంగా, ఇప్పుడు నీకు మా క్లబ్బు చరిత్ర తెలిసిందా?"

"తెలిసింది సార్."

"ఆఖరి మ్యాచ్ ఎవరి వల్ల ఓడారని ఎవరైనా అడిగితే రొట్టెల వాళ్ళనకు. రంగుల వాళ్ళనకు."

"మరి ఏమనాలి సార్?"

"మాపుల వాళ్ళని చెప్పు," అన్నాడు. అంటుంటే ఆయన పెదవి ఒక పక్కకు కదిలింది. ఆయన నవ్వగా మొదటిసారి చూసింది నేనే. సోఫా మీద యాప్ మళ్ళీ నవ్వబోయి, నడుం గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఖాజా భాయ్ ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. సుజాత వెలిగిపోతున్న మొహంతో, "గంపల ఏసినవ్ గదా, మస్తు ఏసినవ్," అంది. ఏ గంపో నేను చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. మీరూ చెప్పకండి.

సంతకం పడింది. నన్ను పంపించేస్తే ఈ దేశంలో ఆ క్లబ్బు చరిత్ర తెలిసినవాడు ఒక్కడూ మిగలడని డిర్క్ సార్ ఆఫీసులో అన్నాడట. చచ్చిన బర్రె కుండెడు పాలిచ్చిందని సామెత. చచ్చిన క్లబ్బు నాకు రెండేళ్ళ వీసా ఇచ్చింది.

అయినా ఆ భయం ఇంకా పోలేదు. అందుకే సముద్రం సాక్షిగా, పస్తున్న ఆ రెండు పూటల సాక్షిగా నేను ఒట్టు పెట్టుకున్నాను. ఇకపై బతికున్నదైనా పోయినదైనా, ఏ దేశపు ఏ క్లబ్బు గురించి ఎవరడిగినా నా జవాబు 'తెల్వదు సార్'. మొన్న ఒకాయన అరాద్ పోయే దారి అడిగాడు. రోజూ పోయే దారే. అయినా తెల్వదు సార్ అనే అన్నాను.